‘ఆంటీ, చెయ్యి ఆపకండి’: నలభై దాటాక గిటార్ పట్టేవాళ్లకు

నాకు గిటార్ నేర్పే అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. నేను మాస్టారూ అని పిలుస్తాను, అతను ఆంటీ అంటాడు. పద్మారావునగర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల, డాబా మీద గదిలో క్లాసు. ఈ మూడేళ్లలో అతని నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ‘ఆంటీ, చెయ్యి ఆపకండి’. అతను అనేది కుడి చెయ్యి. కొత్తగా నేర్చుకుందామనుకునేవాళ్లంతా నన్ను ఎడమ చేతి గురించే అడుగుతారు. నొప్పి పుడుతుందా, నా వేళ్లు పొట్టి కదా వస్తుందా అని. వేళ్ల సంగతి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మారినప్పుడల్లా కుడి చెయ్యి ఆగిపోయే జబ్బు మాత్రం పనిగట్టుకుని వదిలించుకోవాల్సిందే.

అయితే ముందు గిటార్ కొనాలిగా. నేను మొదటిది కోఠీ వైపు ఒక షాపులో 4,500 రూపాయలకు కొన్నాను. నల్లగా నిగనిగలాడుతోందని తప్ప వేరే కారణం లేదు. నెల తిరిగేసరికి వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి. ఈ వయసులో మనకెందుకులే అనుకుని మానేసేదాన్నే. మాస్టారు దాన్ని ఓసారి చేతిలోకి తీసుకుని, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ, కమ్మీల మధ్య గడినీ అదే మాటతో అంటారు) దగ్గర స్కేలు నిలబెట్టి చూశాడు. లావు తీగ అడుగుకీ ఫ్రెట్‌కీ మధ్య ఐదు మిల్లీమీటర్లు! స్టీలు తీగల గిటార్‌కి అక్కడ రెండున్నర, మహా అయితే మూడు ఉంటే చాలు. ఈ ఎత్తునే యాక్షన్ అంటారు. నా వేళ్ల తప్పేం లేదు, తీగలే ఆకాశంలో ఉన్నాయి.

కాబట్టి షాపుకి స్కేలు తీసుకెళ్లండి. పిల్లల ప్లాస్టిక్ స్కేలుకి సున్నా ముందు కాస్త ఖాళీ అంచు ఉంటుంది, అది పనికిరాదు. సున్నా అంచు నుంచే మొదలయ్యే చిన్న స్టీలు స్కేలు కావాలి. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. కొలిచాక ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి ఒక్కసారి మీటండి. ఎక్కడైనా జర్రుమంటే ఆ గిటార్ వద్దు. తర్వాత తీగను ఊరికే మీటి, అదే తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. సరిగ్గా తీగ సగానికి వచ్చే చోటది, కాబట్టి అదే స్వరం ఒక స్థాయి పైన పలకాలి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుంటే తేడా ఉందో లేదో అదే చూపిస్తుంది. ఇప్పటికే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. సెటప్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే శాడిల్ (తీగలు ఆనే చిన్న పట్టీ) అరగదీసి, మెడలోని రాడ్ సరిచేసి యాక్షన్ దించుతారు. తీగలు మార్చేటప్పుడు ‘10 గేజ్’ అని అడగండి. సన్న తీగ 0.010 అంగుళం ఉండే సెట్ అది, మొదట్లో వేళ్లకి సుఖం. నైలాన్ తీగలు ఇంకా మెత్తగా ఉంటాయి గానీ ఆ గిటార్ల మెడ వెడల్పు. సినిమా పాటలకి స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ కలిపి మీటడం) చేద్దామనుకుంటే స్టీలే తీసుకోండి.

ఇంకొక్క జాగ్రత్త, నా నెత్తి మీదికి తెచ్చుకున్నది. ఒక మే నెల మధ్యాహ్నం పెళ్లికి వెళ్తూ గిటార్‌ని కారు డిక్కీలో వదిలేశాను. భోజనాలయ్యాక వచ్చి చూస్తే తీగలు బిగించే బ్రిడ్జి వెనక అంచు పైకి లేచి ఉంది, విజిటింగ్ కార్డు దూరేంత సందు. మూసిన కారులో ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, తీగలేమో ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. వానాకాలంలో చెక్క చెమ్మ పీల్చి ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది, ఎండాకాలం ఏసీ గదిలో చెక్క బిగదీసుకుని ఫ్రెట్ల కొసలు అరచేతికి గుచ్చుకుంటాయి. మన ఊళ్లో రెండూ అనుభవమే. వాయించనప్పుడు బ్యాగులో పెట్టి జిప్ వేసేయండి.

తీగలు లావు నుంచి సన్నానికి ఈ, ఏ, డి, జి, బి, ఈ. అంకెలు మాత్రం కింద నుంచి, అంటే సన్నది ఒకటో తీగ. ఒళ్లో పెట్టుకున్నప్పుడు పైన కనిపించేదేమో కింది స్థాయి తీగ. మొదటి వారం ఈ తికమక ఎవరికైనా తప్పదు. శ్రుతి చేసేటప్పుడు ఎక్కువ బిగిస్తే, కావాల్సిన దానికన్నా కిందికి వదులు చేసి మళ్లీ పైకి రండి. పై నుంచి దిగి ఆపితే పాట మధ్యలో జారిపోతుంది.

ఇక కార్డులు. పుస్తకాల్లో మొదటి పేజీ నుంచే పది బొమ్మలుంటాయి. నాలుగు చాలు. మాస్టారు చెప్పిన కిటుకు ఇది. ఉంగరం వేలిని రెండో తీగ మూడో ఫ్రెట్ మీద పెట్టండి, ఇక అక్కడి నుంచి కదపకండి. చిటికెన వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద. మధ్య వేలు ఆరో తీగ మూడో ఫ్రెట్, చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్. ఇది జి. ఇప్పుడు మధ్య వేలు, చూపుడు వేలు రెండింటినీ ఒక్క తీగ కిందికి, అంటే నేల వైపుకి, జరపండి, ఆరో తీగని వదిలేసి మీటండి. సి లాంటిది వచ్చింది (దీని పూర్తి పేరు సి యాడ్ నైన్, అసలు సి కన్నా నాకు ఇదే ఇష్టం). డి కోసం చూపుడు వేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌కీ, మధ్య వేలు ఒకటో తీగ రెండో ఫ్రెట్‌కీ వెళ్తాయి, చిటికెన వేలు లేస్తుంది, ఉంగరం వేలు అక్కడే. కింది నాలుగు తీగలే మీటాలి. ఇక ‘ఈ మైనర్’ కార్డు అంటారా, నాలుగూ ఐదూ తీగల్ని రెండో ఫ్రెట్‌లో నొక్కితే అయిపోయింది. మీటితే ఒక తీగ మూగపోతే గట్టిగా నొక్కకండి, వేలిని ఫ్రెట్ కమ్మీ పక్కకి జరపండి. ఎడమ చేతి గోళ్లు ముందే కత్తిరించుకోండి, వాటితో పనవదు.

ఇప్పుడు అసలు సంగతి, కుడి చెయ్యి. మనకి తకధిమి ఉండగా ‘డౌన్ డౌన్ అప్’ అని బట్టీపట్టడం దేనికి? తీగలన్నిటినీ ఎడమ చేత్తో మెల్లగా ఆనించి మూగబెట్టండి. నోటితో తకధిమి తకధిమి అంటూ చెయ్యి ఊపండి: ‘త’కి కిందికి, ‘క’కి పైకి, ‘ధి’కి కిందికి, ‘మి’కి పైకి. గోడ గడియారం లోలకంలా. ఈ ఊపు నడుస్తూ ఉండగానే మొదటి ‘క’ దగ్గరా, రెండో తకధిమిలో ‘త’ దగ్గరా తీగలకి తగలకుండా చెయ్యి గాల్లో పోనివ్వండి. మిగతా ఆరు చోట్లా తగలాలి. త, ధిమి, కధిమి. విన్నారా? లెక్కలేనన్ని పాటలకి ఇదే సరిపోతుంది. అందరూ తప్పేది రెండో ‘త’ దగ్గర. మోగించేది లేదు కదా అని అక్కడ చెయ్యి ఆపేస్తారు. ఆగితే తర్వాతి ‘క’ ఆలస్యం. నాకు ఇది పట్టుబడడానికి ఐదు వారాలు పట్టింది. కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూస్తూ పప్పు గరిటె పట్టుకుని కూడా ప్రాక్టీస్ చేశాను, మావారు చూసి ఏమీ అనలేదు.

అది నోటికీ చేతికీ ఎక్కాకే కార్డులు కలపండి. జి నుంచి సికి ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు మారగలరో లెక్కపెట్టి రోజూ క్యాలెండర్ మీద రాయండి. నావి మొదటి రోజు పదకొండు, రెండో నెలలో ముప్ఫై. మార్పు సరిగ్గా పడకపోయినా సరే, ఉత్త తీగలు మోగినా సరే, తకధిమి సాగాలి. వినేవాళ్లు తప్పు స్వరాన్ని మర్చిపోతారు, తాళం తెగితే మాత్రం వెంటనే తల తిప్పి చూస్తారు.

మా అమ్మ కర్ణాటక సంగీతం నేర్చుకుంది, ఆమెది ఐదున్నర శ్రుతి, అంటే జి షార్ప్. జి కార్డు ఆకారంతోనే, మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు) బిగిస్తే ఆమెకి సరిపోతుంది. కేపో ఒక ఫ్రెట్ జరిగితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది, అంతే లెక్క. ఐదో ఫ్రెట్ దగ్గర ‘ఏ మైనర్ పెంటాటానిక్’ అని మాస్టారు నేర్పిన ఐదు స్వరాలు ఓ రోజు ఇంట్లో వాయిస్తుంటే, అమ్మ వంటింట్లోంచి, ‘‘ఏమేవ్, శుద్ధ ధన్యాసి అని చెప్పొచ్చుగా, ఆ ఇంగ్లీషు పేరెందుకు?’’ అంది. నిజమే, స్వరాలు అవే. మేజర్ పెంటాటానిక్ మోహన. గమకం మాత్రం ఫ్రెట్ల మీద తేలిగ్గా రాదు, తీగను పక్కకి లాగి తెప్పించాలి. ఫ్రెట్లున్న వాద్యం మీద అది ఎంత దూరం పోగలదో వినాలంటే మన పాలకొల్లు యు. శ్రీనివాస్ మాండలిన్ వినండి.

కచేరీలకి వెళ్లడం కూడా ప్రాక్టీసే, కాకపోతే చోటు చూసుకోవాలి. శిల్పకళా వేదికలో పెద్ద షోకి వెళ్తే మీరు చూసేది తెరని, గిటార్‌ని కాదు. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోటైతే టీ గ్లాసు పట్టుకుని వాయించేవాళ్ల చేతులు కనిపించేంత దగ్గరగా కూర్చోవచ్చు. వేదికకి ఎదురుగా, మీకు కాస్త ఎడమ పక్కన కూర్చోండి. కుడిచేతి వాటం వాళ్ల మీటే చెయ్యి అటువైపే ఉంటుంది. మొదటి పాటకి ఆ చెయ్యి ఒక్కటే చూడండి, ముఖం చూడకండి. మోగని చోట కూడా ఎలా ఊగుతూనే ఉంటుందో కనిపిస్తుంది. రవీంద్రభారతిలో సినిమా పాటల సాయంత్రాలకి వెళ్తే లీడ్ గిటార్‌ని వదిలేసి, నాలుగు తీగల బేస్ గిటార్‌ని వెంబడించి వినండి. పాట నడక అక్కడుంటుంది, ఎవరూ చప్పట్లు కొట్టని మనిషి అతనే. పాశ్చాత్య క్లాసికల్ గిటార్ కచేరీ అయితే మైకు లేకుండా కూడా వాయిస్తారు, చాలా మెల్లగా వినిపిస్తుంది. అక్కడ మనలా తొడ మీద తాళం వేయడం, మధ్యలో భళా అనడం కుదరదు. ఒకసారి మా అమ్మని తీసుకెళ్లి గంటన్నర సేపు ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

ఎఫ్ కార్డు గురించి రాయలేదేమని అడుగుతారని తెలుసు. చూపుడు వేలితో ఆరు తీగల్నీ అడ్డంగా నొక్కాలి. మొదటి ఏడాది దాని జోలికి పోకండి. పాటలో వస్తే చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్, మధ్య వేలు మూడో తీగ రెండో ఫ్రెట్, ఉంగరం వేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్ పెట్టి కింది నాలుగు తీగలే మీటండి, పని జరిగిపోతుంది. పూర్తి ఎఫ్ నేను మొన్న ఆదివారం వాయించాను. ఐదు తీగలు పలికాయి, రెండోది టక్కుమంది. మాస్టారు ‘‘పర్లేదు ఆంటీ, చెయ్యి ఆగలేదుగా’’ అన్నాడు.