లేసు అల్లికకు ఫోను తోడు – మూడో పాఠం: కుట్లు లెక్కకు అందేలా ఫొటో

గత పాఠంలో వాట్సాప్ గ్రూపులో మాట రికార్డు చేసి పంపడం నేర్చుకున్నాం. ఈసారి అల్లికను ఫొటో తీద్దాం. ఫొటో చూడముచ్చటగా లేకపోయినా ఫరవాలేదు గానీ, నరసాపురం నుంచి మీరు పంపిన లేసు పువ్వు ఫొటోను హైదరాబాదులో ఉన్నవారు చూసి, ఏ వరుసలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టి, అలాంటిదే అల్లగలగాలి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మన లేసులో పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది కావడం పాత సంగతే కనుక, నమూనా సరిగా అందకపోతే ఎంత దారం, ఎన్ని పూటలు వృథా అవుతాయో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా లేసు కింద నల్లని లేదా ముదురు నీలం రంగు జాకెట్టు గుడ్డ పరవండి. నేను మొదటిసారి తెల్ల దుప్పటి మీదే పెట్టి తీసి పంపితే, మా వదినగారు "ఇది లేసా, ఆరబోసిన అటుకులా?" అని అడిగారు. పువ్వు అంచులను గుండుసూదులతో సాగదీసి నిలిపి, పక్కన ఒక స్కేలు ఉంచండి.

వయసు మీద పడ్డాక చేయి వణకడం సహజం. ఒకే ఎత్తున్న రెండు స్టీలు డబ్బాల మధ్య పువ్వునుంచి, వాటి మీద ఫోనును వంతెనలా ఆనించి, కెమెరాలో మూడు సెకన్ల టైమరు పెడితే ఫొటో చెదరదు. డబ్బాల మధ్య ఖాళీ కిటికీ వైపు ఉంటే నీడ పడదు. ఫ్లాష్ మాత్రం వద్దు. ఆ వెలుగులో దారం మెలికలు కనిపించక పువ్వంతా తెల్లటి మచ్చలా వస్తుంది.

వాట్సాప్ మామూలుగా ఫొటో నాణ్యతను తగ్గించి పంపుతుంది కాబట్టి, పంపేముందు పైన కనిపించే హెచ్‌డీ గుర్తును నొక్కండి.

ఫొటో కింద కుట్టు పేరు ఇంగ్లీషులో రాయకండి. అమెరికా పుస్తకాల్లో డబుల్ క్రోషె అన్న కుట్టునే బ్రిటన్ పుస్తకాల్లో ట్రెబుల్ అంటారు. "సూదికి ఒకసారి దారం చుట్టి, రెండేసి ఉచ్చుల్లోంచి రెండుసార్లు దారం లాగి వేసిన కుట్టు" అని రాస్తే ఎవరూ పొరపడరు.

అభ్యాసం: ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, బయటి వరుస కుట్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. తరువాత చేతిలోని పువ్వును లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవకపోతే, గుడ్డ రంగో వెలుగో మార్చి మళ్లీ తీయండి.