వాన వెలిసినా రాని బొమ్మ

పర్లాకిమిడిలోని మా ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఉపగ్రహం నుంచి బొమ్మను మోసుకొచ్చే కేయూ బ్యాండ్ తరంగాలను వాననీరు పీల్చుకుంటుంది కాబట్టి, జోరువానలో బొమ్మ చెదరడం మాకు అలవాటే. అయితే ఈసారి వాన వెలిసిన రెండు రోజులకు కూడా ‘నో సిగ్నల్’ పోలేదు. కోతులు కదిపాయేమోనని మేడెక్కి చూస్తే, డిష్ ఎప్పటిలాగే 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపైనున్న జీశాట్-15 ఉపగ్రహం వైపే, అంటే మాకు ఆగ్నేయంగా, నిలిచి ఉంది. డిష్ ముందుండి తరంగాలను అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరానికి కరెంటు కేబులు ద్వారానే వెళ్తుంది కనుక, ముందు సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీసి, ఆపైన కనెక్టరు విప్పాను. లోపల ఒక నీటిబొట్టు, రాగితీగ కొసన పచ్చని చిలుము! కేబులును తడి లేని చోటు వరకూ కోసి, పైఅల్లిక తీగలు నడిమి తీగకు తగలకుండా వెనక్కి మడిచి, కొత్త కనెక్టరు బిగించి టేపు చుట్టాను. నీరు జారిపోయేలా కేబులును కాస్త కిందికి వేలాడేటట్లు వదిలాను. మొదట బిగించినవారు ఆపాటి శ్రద్ధ చూపలేదు. సాయంత్రం వార్తల వేళకు అమ్మకు సప్తగిరి ఛానెల్ వచ్చింది.