సముద్రపు అక్వేరియం పాఠాలు, 4వ భాగం: రాస్ చేపల్లో ఎవరిని ముందు దించాలి?

గత భాగంలో నీళ్లు కుదుటపడే దాకా వచ్చాం. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు), వేడి 25–26 డిగ్రీలు, అమ్మోనియా సున్నా. వానల తర్వాత వంశధార నిండుగా పారే నెలల్లో కళింగపట్నం నీళ్లలో ఉప్పు పడిపోతుందనీ, క్యాన్లలో పట్టుకొచ్చి నేరుగా పోయొద్దనీ చెప్పుకున్నాం. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి.

రాస్‌లు (wrasse) రంగురంగుల సముద్రపు చేపలు. వాటి కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి. నాలుగు వేళ్లంత ఉండే సిక్స్‌లైన్ నుంచి 2 మీటర్ల దాకా పెరిగే నెపోలియన్ రాస్ వరకు అన్నీ ఈ కుటుంబంవే. విశాఖలో షాపువాడు 'రాస్ సార్, మంచి రంగు' అన్నంత మాత్రాన కవర్ అందుకోకండి. ఏ జాతో అడగండి, ఫోన్‌లో ఫొటోతో పోల్చి చూసుకోండి. తెల్ల మచ్చలతో నారింజ రంగులో ముద్దొచ్చే కోరిస్ గైమార్డ్ పిల్ల పెద్దదైతే అడుగు దాటుతుంది. దాన్ని అక్కడే వదిలేసి రండి.

జాతి తెలిశాక చూడాల్సింది అది రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది. హాలికోరస్, కోరిస్, లెపర్డ్ రాస్‌లు చీకటి పడేసరికి ఇసుకలో దూరిపోతాయి. ఫెయిరీ, ఫ్లాషర్ రాస్‌లు, సిక్స్‌లైన్ రాళ్ల సందుల్లో పడుకుంటాయి, చాలావరకు ఒంటి చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. పడకలు వేరైతే తగువు సగం తగ్గుతుంది. అందుకే నాలుగడుగుల ట్యాంకులో రెండు గుంపుల నుంచీ కొన్ని కొన్ని తీసుకోవడం మేలు.

ఇసుకలో పడుకునేవాటికి 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన సన్నటి అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక కావాలి. మన తీరం ఇసుక చవకే గానీ వద్దు. అందులో ఇల్మనైట్, గార్నెట్ అనే ఖనిజాలు ఉంటాయి. గార్నెట్ గింజ పదును. రోజూ అందులో దూరే చేపకు ఒళ్లు గీసుకుపోతుంది.

ఇక అసలు విషయం, వరుస. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, ఈ ట్యాంకులో సామెత తిరగబడుతుంది. ముందు దిగిన చేప ట్యాంకంతా తనదే అనుకుంటుంది, వెనకొచ్చినదాన్ని తరుముతుంది. కాబట్టి మెత్తనివాటికి ముందు చోటివ్వాలి, పొగరుబోతుల్ని చివరికి ఉంచాలి. ఫ్లాషర్లతో మొదలుపెట్టండి. అవి మేతకు అలవాటుపడ్డాక పసుప్పచ్చ హాలికోరస్, ఆ తర్వాత ఫెయిరీలు, చివర్లో మెలనూరస్ (ఇదీ హాలికోరస్‌లో ఒక జాతే). లెపర్డ్ రాస్ అందరికంటే మెత్తనిది. కానీ రాళ్ల మీది కోపిపాడ్లను (కంటికి కనబడీ కనబడని పురుగుల్లాంటి జీవుల్ని) ఏరుకు తినే రకం, కొత్త ట్యాంకులో ఆకలికి పోతుంది. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి. సిక్స్‌లైన్ విషయంలో నా మాట సూటిగా చెప్తాను. చవక, అందం, మొండి ప్రాణం, అన్నీ నిజమే. కానీ ఇన్ని రాస్‌లు పెట్టాలనుకునే ట్యాంకులో దాన్ని వేయొద్దు. పది సెంటీమీటర్లు కూడా ఉండదు, తనకంటే పెద్దవాటిని కూడా మూలకు తోసేస్తుంది.

పోలికలు కూడా చూడాలి. ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్న రెండు మగవాటికి పడదు. ఈ కుటుంబంలో చాలా జాతులు ముందు ఆడవిగా ఉండి, గుంపులో పెద్దది తర్వాత మగదిగా మారుతుంది. కాబట్టి ఒక్కో జాతిలో ఒక మగది, దానికంటే చిన్నవి రెండు మూడు ఆడవి చాలు. ఆడవాటిని ముందు దించి, మగదాన్ని తర్వాత దించండి. ఆడవి లేకుండా ఒంటరిగా ఉంచిన ఫెయిరీ మగదానికి రంగు క్రమంగా వెలిసిపోతుంటుంది.

ఇప్పుడు దించే పద్ధతి. కొత్త చేపను నేరుగా వదలకూడదు. చిల్లులున్న పారదర్శకమైన డబ్బాలో పెట్టి ట్యాంకు లోపలే వేలాడదీయాలి. దీన్ని అక్లిమేషన్ బాక్స్ అంటారు. లోపల దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క వేయండి, ఇసుక చేపైతే చిన్న గిన్నెలో ఇసుక పోసి పెట్టండి. మొదటి రోజు పాతవి డబ్బా దగ్గరికి దూసుకొస్తాయి. దానికి టెన్షన్ పడకండి. నాలుగైదు రోజులు గమనించండి. మేత వేసినప్పుడు డబ్బాను పట్టించుకోకుండా మేతకే పోతున్నాయంటే సమయం వచ్చినట్టే. లైట్లు ఆర్పడానికి ఓ గంట ముందు మూత తీయండి. ఇసుక చేప వెంటనే ఇసుకలో దూరి రెండు మూడు రోజులు కనబడకపోవచ్చు. చచ్చిపోయిందేమోనని తవ్వి చూడొద్దు.

వదిలాక ఏది గొడవో ఏది హంగామానో తెలియాలి. ఫ్లాషర్ మగది రెక్కలన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకుంటుంది. క్షణంలో ఒంటి మీద నీలం గీతలు వెలుగుతాయి. ఎదుటిదాని పక్కనుంచి రివ్వున దూసుకుపోతుంది, తాకదు. అది ప్రదర్శన, చూసి ఆనందించండి. తోక అంచులు చిరిగి, ఒక చేప రోజంతా పై మూలలో హీటర్ వెనక నిలబడి, మేతకు కూడా రాకపోతే అది నిజమైన గొడవ. అప్పుడు చాలామంది దెబ్బలు తిన్నదాన్ని బయటికి తీస్తారు. తీయాల్సింది కొట్టేదాన్ని. ఆ డబ్బాలోనే దాన్ని వారం రోజులు ఉంచండి. ఈలోగా కొత్తది ట్యాంకంతా తిరిగి తన చోటు చూసుకుంటుంది. తిరిగి వదిలేసరికి కొట్టేదే కొత్తగా వచ్చినట్టవుతుంది. అప్పటికీ మానకపోతే షాపుకు తిరిగి ఇచ్చేయడమే. చిన్నపాటి పేచీ అయితే ట్యాంకు బయట అద్దం ఆనించి చూడండి, తన నీడతో కొట్లాడుకుంటూ కాలక్షేపం చేస్తుంది.

తరిమినా, బెదిరినా రాస్ చేసే మొదటి పని గెంతడం. మూత మధ్యలో చిన్న సందు చాలు, పొద్దున్నే నేల మీద కనబడుతుంది. గాజు మూత వేస్తే మన ఎండాకాలానికి నీళ్లు వేడెక్కుతాయి. వల మూత మంచిది. తీరంలో వలలు అల్లేవాళ్ల దగ్గర సన్న కన్ను నైలాన్ వల ముక్క దొరుకుతుంది, దాన్ని అల్యూమినియం ఫ్రేముకు బిగించండి. కన్ను చిటికెన వేలు దూరనంత ఉండాలి. పైపులు, వైర్లు వెళ్లే మూలల్లోనూ సందు మిగలకూడదు.

మేతలో పొదుపు చేస్తే శాంతి ఉండదు. మైసిస్, ఆర్టీమియా అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా, ట్యాంకు రెండు చివర్లా ఒకేసారి వేయండి. మన జిల్లాలో రొయ్యల సాగుకు కావాల్సినవి అమ్మే దుకాణాల్లో ఆర్టీమియా కోసం అడిగి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కొత్త చేపల్ని తేవొద్దు. విశాఖ నుంచి బస్సులో వచ్చేసరికి కవర్‌లో నీళ్లు కాగిపోతాయి.

వచ్చే భాగానికి ముందు అక్లిమేషన్ బాక్స్ తయారుచేసి ఉంచుకోండి. సామాన్ల కొట్టులో దొరికే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా చాలు. నాలుగు వైపులా, మూతకూ చిన్న డ్రిల్ బిట్‌తో చిల్లులు వేయండి. చిల్లుల అంచుల్ని లోపలి వైపు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి, లేకపోతే బెదిరిన చేప మూతి గీసుకుంటుంది. తర్వాత ఉప్పు నీళ్లలో ఓ రోజు నానబెట్టి, ఖాళీగానే ట్యాంకులో వేలాడదీయండి.