పాత బాత్రూం పీకేముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేల్చుకోండి

కడపలో మేం కొన్న పాతింట్లో బాత్రూం టైల్స్ తళతళలాడుతుండేవి. చేరిన నెలలోపే గుమ్మం దగ్గర మడుగు, పడకగది గోడకు చెమ్మ, ముక్కు మూసుకునే వాసన. చూడ్డానికొచ్చిన మొదటి మేస్త్రి "పైన ఇంకో వరస టైల్స్ వేసేద్దాం సార్, రెండ్రోజుల పని" అన్నాడు. వద్దన్నాం. పీకి చూస్తే మాకు ముందున్నవాళ్లు చేసిందీ అదే.

నీళ్లు తూము వైపు పోకుండా గుమ్మం వైపు వస్తుంటే

నేలకు వాటం, అంటే వాలు, లేదన్నమాట. మా ఇంట్లో అసలు నేల కడప బండలది. వాటిని తీయకుండా పైన సిమెంటు, దానిమీద టైల్స్ పరిచారు. నేల రెండంగుళాలు లేచి గదితో సమానమైంది. తూము మాత్రం పాత ఎత్తులోనే గుంటలా మిగిలింది. దాని అంచుల్లోంచి నీళ్లు టైల్స్ కిందికి దిగి బండల మీద ఊరుతుండేవి. రసమట్టం లేకపోతే ఒక గోలీ నేలమీద వదలండి, ఎటు దొర్లుతుందో చూడండి.

దీనికి పైపై రిపేర్లు పనికిరావు. అడుగుదాకా తీసి, తూము వైపు మీటరుకు 10 నుంచి 15 మిల్లీమీటర్ల వాటం ఇవ్వాలి. నేల గది కంటే ముప్పావు అంగుళమైనా కిందికుండాలి. టైల్స్ పరచకముందే బక్కెట్ నీళ్లు కుమ్మరించి చూడండి. ఎక్కడైనా నిలిస్తే అప్పుడే సరిచేయించాలి. టైల్ అతికాక చెబితే "కొంచెమే కదా సార్" అంటారు.

గోడ అవతల చెమ్మ, పెచ్చులు ఊడటం

పుట్టీ, పెయింట్ జోలికి ఇప్పుడే పోవద్దు. మూడు రోజులు ఆ బాత్రూం వాడకండి, పైపుల్లో నీళ్లు మాత్రం ఆపకండి. అయినా చెమ్మ తగ్గకపోతే గోడలోని పైపు కారుతుండొచ్చు. ఆరుతూ వస్తే నేలనో తూమునో అనుమానించాలి. తూములో గుడ్డ బిగించి, గుమ్మానికి అడ్డంగా మట్టికట్ట వేసి, అంగుళం లోతు నీళ్లు నిలబెట్టి గోడమీద పెన్సిల్ గీత పెట్టండి. ఒక రోజు తర్వాత గీత నుంచి బాగా దిగితే నేల టైల్స్ మధ్య సందుల్లోంచి పోతున్నాయి. పెద్దగా దిగకపోతే తూము కింది పైపును చూడాలి.

మా ఇంట్లో సందులే. ఎందుకలా అరిగిపోయాయో తెలుసుకోవడానికి పనమ్మాయిని అడగాల్సొచ్చింది. మా బోరు నీళ్లకు తెల్లటి ఉప్పు గట్టిగా పడుతుంది. అది వదలడానికి ముందున్నవాళ్లు వారం వారం యాసిడ్ పోసేవాళ్లట. ఉప్పును కరిగించే యాసిడ్ సందుల్లోని సిమెంటును మాత్రం వదులుతుందా? కడప బండ కూడా సున్నపురాయే, దాన్నీ తింటుంది.

సందులు మళ్లీ నింపితే కొన్నాళ్లకు మళ్లీ మొదటికే. నేల తీశాక మూలలను సిమెంటుతో గుండ్రంగా మలిచి, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేయించండి. నేలకు, గోడకు అడుగు ఎత్తు, షవర్ దగ్గర తల ఎత్తు దాటేదాకా. ఆరాక రెండు రోజులు నీళ్లు కట్టి చూశాకే టైల్స్. మేస్త్రికి ఈ రెండు రోజులు నచ్చవు, కూలి పోతుందని. ఆ కూలి మేమే ఇచ్చాం.

వాసన

తూము జాలీ కింద ట్రాప్‌లో, అంటే వంపు తిరిగిన పైపులో, రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి గాలిని ఆపాలి. వాడని బాత్రూంలో ఎండాకాలం అవి ఆరిపోతాయి, అప్పుడు చెంబుడు నీళ్లు పోస్తే చాలు. మాకు అసలు ట్రాపే లేదు, జాలీ కింద నేరుగా పైపు!

పీకేటప్పుడు

నీళ్ల వాల్వు కట్టేసి, గీజర్ కరెంటు లైను మెయిన్‌లోనే ఆపండి. తర్వాత తూముకూ కమోడ్ పైపుకూ గోనెపట్టా కుక్కండి. మేం తూముకు మరిచాం. ఒక్క టైల్ ముక్క లోపలికి జారింది, దాన్ని తీయడానికి ఒక పూట పట్టింది.

గోడ టైల్స్ పైనుంచి కిందికి తీయాలి. మా వైపు పాతిళ్లలో రాయి, మట్టితో కట్టిన గోడలుంటాయి. వాటి మీద మిషన్ పెడితే లోపలి రాళ్లు కదులుతాయి, ఉలి సుత్తే మేలు. బయటపడ్డ ఇనుప పైపులు తుప్పుపట్టి సన్నబడి ఉంటే, నేల తెరిచి ఉండగానే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు మార్చేయండి. పైపుల గాడి మూసేముందు ప్రెషర్ టెస్టు చేయించి, కొలత టేపు ఆనించి ఫోటో తీసుకోండి. రేపు టవల్ రాడ్‌కు డ్రిల్ పెట్టే రోజు ఆ ఫోటోనే దిక్కు.

కింది కడప బండలు మాత్రం ఒక్కటీ పగలకుండా వచ్చాయి. ఇప్పుడవి పెరట్లో బట్టలుతికే చోట ఉన్నాయి. ఉప్పు వదలాలని వాటిమీద నిమ్మకాయో వెనిగరో రుద్దకండి, అవీ యాసిడ్ కిందికే వస్తాయి. వాడగానే నీళ్లు లాగేసి పొడిగుడ్డతో తుడిస్తే అంతగా పట్టదు.