భరత్‌పూర్‌లో సైకిలే బెస్ట్
తాజ్‌మహల్ చూడ్డానికి ఆగ్రా వెళ్తున్నారా? ఒక పూట రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి ఉంచుకోండి, 55 కిలోమీటర్లే. అక్కడ పక్షులకి పేరున్న కేవలాదేవ్ నేషనల్ పార్క్ గేటు దగ్గరే సైకిళ్లు అద్దెకిస్తారు. తీసుకునే ముందు బ్రేకులు, సీటు ఎత్తు చూసుకోండి. లోపల కేవలాదేవ్ శివుడి గుడిదాకా దాదాపు 5 కిలోమీటర్ల రోడ్డు, ఎత్తుపల్లాలు లేవు. మధ్యలో చెక్‌పోస్టు దాటాక కార్ల గోల ఉండదు, పిల్లలూ హాయిగా తొక్కేస్తారు. రెండు పక్కలా నీళ్లు, చలికాలమైతే తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు. అవును, మన కొల్లేటికి వచ్చే రకమే! బెల్ మాత్రం కొట్టకండి. గట్ల మీది మట్టిదారులు ఇంకా బాగుంటాయి గానీ, తుమ్మముల్లు దిగిందంటే సైకిల్ని గేటుదాకా నెట్టుకుంటూ రావాల్సిందే. పొద్దున్నే వెళ్లండి, స్వెట్టర్ మర్చిపోకండి.