రాతప్రతులు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: రూసో ఆత్మకథ, మూడు ప్రతులు

గత పాఠంలో లేఖకుడి పొరపాట్లను ఎలా పట్టుకోవాలో చూశాం. మన కావ్యాల తాళపత్రాలు చాలావరకు కవి కాలం తర్వాత ఎవరో ఎత్తిరాసినవే. అందుకే పాఠాంతరం, అంటే ఒకే చోట రెండు ప్రతుల్లో వేర్వేరు మాటలు, కనబడగానే ‘ఇందులో ఏది తప్పు?’ అని అడుగుతాం. రచయితే తన పుస్తకాన్ని తన చేత్తో మళ్లీ మళ్లీ రాసుకుంటే ఆ ప్రశ్న సరిపోదు. ఈ పాఠం దాని గురించే.

దీనికి పద్దెనిమిదో శతాబ్దపు తత్త్వవేత్త జాన్ జాక్ రూసో ఆత్మకథ ‘కన్ఫెషన్స్’ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. రూసో చాలాకాలం సంగీత స్వరలిపి ఎత్తిరాసి బతికాడు. ఎత్తిరాయడం ఆయనకు వృత్తి. అలాంటి చేతి నుంచి వచ్చిన ప్రతుల్లో తేడా కనిపిస్తే, అది చేయి జారడం వల్లే అని వెంటనే తేల్చేయకూడదు.

ముందుగా ఒక కాగితం తీసుకుని ప్రతి ఒక్క ప్రతికీ నాలుగు విషయాలు రాయండి: ఎప్పుడు రాశాడు, ఎంతవరకు ఉంది, ఎవరి చేతికి వెళ్లింది, ఇప్పుడు ఎక్కడుంది. మూలం చదవడం ఆ తర్వాతే.

మొదటిది స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్ ఊరి పేరుతో పిలిచే ప్రతి. మూడింటిలో పాతది ఇదే. మొదటి మూడు భాగాలు, నాలుగో భాగం మొదలు మాత్రమే ఇందులో ఉన్నాయి. రూసో స్నేహితుడు ద్యుపేరు దగ్గర చేరిన కాగితాలతోపాటు ఆ ఊరి గ్రంథాలయానికి వచ్చింది. దీని ముందు ఒక పొడవాటి పీఠిక ఉంది. తాను చెప్పబోయేదానికి కొత్త భాషే పుట్టించాలని అందులో అంటాడు. తర్వాతి ప్రతుల్లో ఈ పీఠిక లేదు. ఇంతకుముందు ఎవరూ చేయని పని చేస్తున్నానంటూ సూటిగా మొదలవుతాయి. నాకు మాత్రం ఆ పాత పీఠికే ఇష్టం. మనిషి తన గురించి తాను నిజం చెప్పగలడా అనే మథనం అందులో బాహాటంగా కనిపిస్తుంది.

రెండోది పారిస్ ప్రతి. పన్నెండు భాగాలూ ఉన్నాయి. రూసో చనిపోయాక భార్య తెరేజ్ దగ్గర ఉండిపోయింది. 1794లో ఆమె దాన్ని విప్లవ ప్రభుత్వ సభ అయిన కన్వెన్షన్‌కు అప్పగించింది. 1801కి ముందు విప్పకూడదని ఆ కట్ట మీద రాసి ఉంది. ఇప్పుడది ఫ్రాన్స్ జాతీయ సభ గ్రంథాలయంలో ఉంది.

మూడోది జెనీవా ప్రతి. రూసో 1778 జులై 2న చనిపోయాడు. అంతకు ముందు మే నెలలోనే దీన్ని జెనీవా మిత్రుడు పాల్ మూల్తూకు ఇచ్చాడు. ఇదీ పూర్తి ప్రతే. ఆత్మకథ మొదటి సగం 1782లో, రెండో సగం 1789లో అచ్చయ్యాయి.

ఇన్ని చేతుల్లో ఎందుకు పెట్టాడు? దీనికి జవాబు కోర్టు కాగితాల్లో దొరుకుతుంది. 1762 జూన్ 9న పారిస్ పార్లమా, అంటే అప్పటి ఉన్నత న్యాయస్థానం, పిల్లల చదువు గురించి రూసో రాసిన ‘ఎమీల్’ పుస్తకాన్ని ఖండించి ఆయన అరెస్టుకు ఉత్తర్వు ఇచ్చింది. అదే నెల 19న, పుట్టిన ఊరు జెనీవా కూడా ‘ఎమీల్’నూ ఆయన మరో పుస్తకం ‘సామాజిక ఒడంబడిక’నూ తగలబెట్టమంది. 1764 చివర్లో ఆ కాలపు ప్రసిద్ధ రచయిత వోల్టేర్ తన పేరు పెట్టకుండా ఒక చిన్న పుస్తకం వేసి, రూసో తన పిల్లల్ని వదిలేశాడని బయటపెట్టాడు. పారిస్‌లో రూసో తన ఆత్మకథను కొందరికి చదివి వినిపిస్తుంటే, పాత స్నేహితురాలు మదామ్ దెపినే 1771లో పోలీసు అధికారిని కలగజేసుకోమని కోరింది. ఇదంతా అనుభవించిన మనిషి ఒకే ప్రతిని ఒకే పెట్టెలో దాచుకుంటాడా? 1776 ఫిబ్రవరి 24న ‘డైలాగ్స్’ అనే మరో రచన ప్రతిని నోత్రదామ్ చర్చి వేదిక మీద పెట్టడానికి వెళ్లాడు. కటకటాల తలుపు మూసి ఉంది. అంత టెన్షన్‌లో ఉన్న మనిషి ఎత్తిరాసిన ప్రతులు ఇవి. అందుకే ‘ఏది అసలు ప్రతి?’ అనే ప్రశ్న పక్కన పెట్టి, ‘ఇది ఎవరి కోసం, ఏ భయంతో రాశాడు?’ అని అడగండి.

ఇప్పుడు రెండో మెట్టు. మూడో భాగంలో ఒక వాక్యం నూషాటెల్‌లో ఒకలా, మిగతా రెండింటిలో ఇంకోలా ఉందనుకోండి. రెండు ఓట్లు పడ్డాయి కాబట్టి మొదటిది తప్పు అనకండి. రచయిత మనసు మార్చుకున్నాడని రాసుకోండి, రెండు రూపాలనూ ఉంచండి. అదే తేడా తొమ్మిదో భాగంలో పారిస్, జెనీవా ప్రతుల మధ్య వస్తే? అక్కడ నూషాటెల్ లేదు కాబట్టి ముందు దశ ఏమిటో అది చెప్పలేదు. అలాంటప్పుడు ఉత్తరాలు, కోర్టు ఉత్తర్వులు, ఇతరుల జ్ఞాపకాలు చూడాలి.

మూడో మెట్టు, బయటి ఆధారంతో సరిచూడటం. పదకొండో భాగంలో రూసో తాను పారిపోయిన రోజు గురించి రాశాడు. పారిస్ దగ్గరి మొమొరాన్సీ ఊరి దారిలో బండిలో ఎదురైన నల్లబట్టల వాళ్లు నలుగురు నవ్వుతూ నమస్కరించారట. తనను పట్టుకోవడానికి వస్తున్నవాళ్లు వాళ్లేనని తర్వాత అర్థమైందట. కోర్టు ఉత్తర్వు తేదీని రుజువు చేస్తుంది, ఆ నవ్వును రుజువు చేయదు. మీ నోట్సులో ఈ రెండింటికీ వేర్వేరు గళ్లు ఉండాలి. రెండో సగం మొదట్లో, ఏడో భాగంలో, తాను సేకరించుకున్న కాగితాలు ఇతరుల చేతుల్లోకి పోయాయని, ఇక తిరిగి రావని రూసోనే చెబుతాడు. అందువల్ల ఆ సగంలోని తేదీలను ప్రతిసారీ బయటి కాగితంతో పోల్చాలి.

అభ్యాసం: మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒకే సంగతిని రెండుసార్లు రాసిన ఉత్తరాలో డైరీలో ఉంటే తీసుకోండి. పైన చెప్పిన నాలుగు విషయాలు రాశాకే తేడాలు గుర్తించండి. ఒక్కో తేడా పక్కన ‘చేయి జారింది’, ‘మనసు మార్చుకున్నారు’, ‘తెలియదు’ అనే మూడింటిలో ఒకటి రాయండి. ‘తెలియదు’ అని రాయడానికి మొహమాటపడొద్దు.

వచ్చే పాఠంలో కొట్టివేతలు చదవడం. సిరా గీత కింద ఉన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చో అక్కడ చూద్దాం.