యాట్ క్లియరెన్స్ ఆగిపోయిందా? తప్పు వెనక రేవులో వెతకండి

చెన్నై రాజాజీ సాలైలో, కస్టమ్ హౌస్‌కి కూతవేటు దూరంలో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో బోర్డింగ్ క్లర్కుని, అంటే ఓడ ఎక్కి కాగితాల పని చూసేవాణ్ణి. మాది నెల్లూరు. మాకు అన్నం పెట్టేది కంటైనర్ ఓడలే. అప్పుడప్పుడు ఒక విదేశీ యాట్, అంటే తెరచాపతో నడిచే సొంత పడవ, వస్తుంది. పన్నెండు మీటర్ల పడవ, అందులో ఇద్దరు మనుషులు, ఒక పిల్లి. కాగితాలు మాత్రం దాదాపు పెద్ద ఓడకి ఉన్నన్నీ ఉండాలి.

ఈ మధ్య థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, మలేషియాలోని లంకావి వైపు డెలివరీ క్రూగా, అంటే యజమాని తరఫున పడవని రేవు చేర్చే సిబ్బందిగా, వెళ్తున్న కాకినాడ, విశాఖ కుర్రాళ్లు కూడా ఫోన్ చేస్తున్నారు. "అన్నా, ఇక్కడ ఆపేశారు, ఏం చేయాలి?" అని. నేను ముందు అడిగేది ఒకటే: "వెనక రేవులో, అంటే ఇంతకుముందు ఆగి వచ్చిన రేవులో, ఏం కాగితం ఇచ్చారో ఫోటో పెట్టు." చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది.

సమస్య: "లాస్ట్ పోర్ట్ క్లియరెన్స్ ఏది?" అన్నారు. చేతిలో పాస్‌పోర్ట్ ముద్ర తప్ప ఏమీ లేదు

కారణం: మనిషి దేశం దాటడం వేరు, పడవ దాటడం వేరు. ఇమిగ్రేషన్ ముద్ర మనిషికి. పడవకి విడిగా పోర్ట్ క్లియరెన్స్ ఉండాలి. మన దేశంలో కస్టమ్స్ చట్టం 1962, సెక్షన్ 42 ప్రకారం అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా ఓడ రేవు వదలకూడదు. ఫుకెట్‌లోని చలోంగ్‌లో ఇమిగ్రేషన్, కస్టమ్స్, హార్బర్ మాస్టర్ ఒకే చోట ఉంటారు. అక్కడ అలవాటైనవాళ్లు ఇంకో దేశంలో మూడు ఆఫీసులు మూడు మూలల్లో ఉంటే, ఎండకి విసిగి రెండింటితో సరిపెట్టుకుంటారు. దాని ఫలితం తర్వాతి రేవులో బయటపడుతుంది.

పరిష్కారం: పడవలోంచి ఎవరూ దిగొద్దు, అనుమతి కోసం కట్టిన పసుపు జెండా దించొద్దు. వెనక రేవులోని ఏజెంట్‌నో, మెరీనా ఆఫీసునో పట్టుకుని కాపీ మెయిల్ చేయించండి. స్కిప్పర్ (పడవ కెప్టెన్) సంతకంతో ఏం జరిగిందో ఒక పేజీ ఉత్తరం రాయించండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, కథలు వద్దు.

దీనికి తమ్ముడి లాంటి సమస్య ఇంకొకటి ఉంది. క్లియరెన్స్ మీద శ్రీలంక రేవు "గాలే" పేరు ఉంటుంది, గాలి తిరగబడి పడవ చెన్నై వచ్చేస్తుంది. ఇది నేరం కాదు. ఎన్ని గంటలకి, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, ఎందుకు దారి మార్చారో లాగ్‌బుక్‌లో అప్పటికప్పుడే రాసి ఉండాలి. మీకు సాక్షి ఆ పేజీయే. ఒక స్కిప్పర్ మాత్రం క్లియరెన్స్ మీదే "గాలే" కొట్టేసి, అదే నీలం సిరాతో "చెన్నై" అని రాసుకొచ్చాడు. తుఫాను గాలి గురించి ఆయన చెప్పిందంతా నిజమే. అయినా ఆ ఒక్క గీత తర్వాత ఆయన చూపించిన ప్రతి కాగితాన్నీ వెలుతురుకి పెట్టి చూశారు.

సమస్య: పసుపు జెండా కట్టి గంటలైంది, ఎవరూ రాలేదు

కారణం: జెండా చూసి పరిగెత్తుకొచ్చే రోజులు కావివి. పసుపు జెండాకి అర్థం "మా పడవలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, లోపలికి అనుమతి ఇవ్వండి" అని. పిలవాల్సింది మాత్రం రేడియోలోనే.

పరిష్కారం: వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో పోర్ట్ కంట్రోల్‌ని పిలిచి, ఎక్కడ లంగరు వేయాలో అడగండి. మాల్దీవుల్లో ఉలిగముకి వస్తే అధికారులే పడవ ఎక్కుతారు. చలోంగ్‌లో స్కిప్పరే కాగితాలు పట్టుకుని ఆఫీసుకి వెళ్లాలి. ఒక చోటి పద్ధతి ఇంకో చోట పనికిరాదు. గడియారం కూడా మార్చుకోండి. థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర, మలేషియా రెండున్నర గంటలు ముందుంటాయి. ఫోన్ ఇంకా భారత కాలమే చూపిస్తుంటే, మీరు మధ్యాహ్నం అనుకుని వెళ్లేసరికి ఆఫీసుకి తాళం పడి ఉంటుంది.

సమస్య: క్రూ లిస్టులో పేరు, పాస్‌పోర్టులో పేరు వేరు

ఇది అచ్చంగా మన జబ్బు. కె.వి. సుబ్బారావు అంటే ఊళ్లో అందరికీ తెలుసు. పాస్‌పోర్టులో ఆ 'కె' విచ్చుకుని పూర్తి ఇంటిపేరు అవుతుంది. ఇంకొందరికి సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. మనకి ఇంటిపేరు ముందు, విదేశీ స్కిప్పర్‌కి ఇంటిపేరు చివర. ఆయన మన కుర్రాణ్ణి "నీ పూర్తి పేరు ఏంటి?" అని అడిగి, విన్నది విన్నట్టు టైప్ చేస్తాడు. తలకిందులవుతుంది.

నేనే ఒకసారి ఈ తప్పు చేశాను. బయల్దేరే తొందరలో క్రూ లిస్ట్ నేనే టైప్ చేసి, ఒకబ్బాయికి ఇనీషియల్‌తో సరిపెట్టాను. తర్వాతి రేవులో అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేశారు. సాయంత్రం వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, "బాబూ, మావాడు అన్నం తిన్నాడా?" అని అడిగింది. ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచి పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకోకుండా ఒక్క పేరు టైప్ చేయలేదు.

పరిష్కారం: క్రూ లిస్ట్ అంటే ఓడలు రేవులో ఇచ్చే అంతర్జాతీయ ఫారాల్లో ఐదోది. ఒకటోది జనరల్ డిక్లరేషన్, మూడోది పడవలో వాడకానికి పెట్టుకున్న సరుకులు, నాలుగోది క్రూ సొంత వస్తువులు. ఈ నాలుగూ ఒకే రోజు, ఒకే పాస్‌పోర్ట్ చూసి నింపండి. సర్‌నేమ్ గడి ఖాళీ అయితే వీసాలో ఎలా ముద్రించారో ప్రతిచోటా అలాగే రాయండి. థాయ్‌లాండ్, మలేషియా ఇప్పుడు ఆన్‌లైన్ అరైవల్ కార్డు అడుగుతున్నాయి. అందులోనూ ఇదే అక్షరక్రమం.

సమస్య: పడవలో శాటిలైట్ ఫోన్ ఉందని తెలియగానే వాతావరణం మారిపోయింది

కారణం: నడిసముద్రంలో ప్రాణం కాపాడే వస్తువే మన తీరం దగ్గర పెద్ద తలనొప్పి. అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా కంపెనీల శాటిలైట్ ఫోన్లు మన దేశంలో వాడకూడదు. 2008 ముంబై దాడుల్లో శాటిలైట్ ఫోన్ వాడిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. చేతిలో పట్టే చిన్న శాటిలైట్ మెసేజ్ పరికరాలు బ్యాగులో దొరికి విమానాశ్రయాల్లో చిక్కుకున్న విదేశీయులూ ఉన్నారు.

పరిష్కారం: దాచొద్దు. మోడల్, సీరియల్ నంబర్ రాసి ముందుగానే ఏజెంట్‌కి పంపండి. మన జలాల్లోకి వచ్చే ముందే స్విచ్ ఆఫ్ చేయండి. తనిఖీలో వాళ్లకి దొరికిన ఫోన్‌కీ, మీరు తీసి బల్ల మీద పెట్టిన ఫోన్‌కీ చాలా తేడా ఉంది. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, వెళ్లేవాళ్లకి కూడా ఇదే మాట. అన్నట్టు, ఆ ఊళ్లో తెలుగువాళ్లు బాగా ఎక్కువ. రేవు దాటగానే మన యాస వినిపిస్తే ఆశ్చర్యపోకండి.

సమస్య: వంటగదిలో సామాను పట్టుకున్నారు

కారణం: మందు సీసాల సంగతి అందరికీ గుర్తుంటుంది. గసగసాలు ఎవరికీ గుర్తుండవు. సింగపూర్‌లో గసగసాలు నిషేధం. అమ్మ మాంసం కూరకి కట్టిచ్చిన పొట్లం అక్కడ మాదకద్రవ్యాల శాఖ వ్యవహారం. మాల్దీవుల్లో మద్యం, పంది మాంసంతో పాటు పూజా విగ్రహాల మీదా నిషేధం ఉంది. క్యాబిన్‌లో వెంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టుకునే అలవాటు మనకుంది కదా.

పరిష్కారం: గసగసాలు చెన్నైలోనే దించేయండి, వాటికి వేరే మార్గం లేదు. మిగతావి సీసాల లెక్కతో సహా సరుకుల జాబితాలో రాయండి. విగ్రహం సంగతి ఏజెంట్‌కి ముందే చెప్పి, ఆయన ఎలా చేయమంటే అలా చేయండి. దగ్గు మందు, నొప్పి మాత్రలకి డాక్టర్ చీటీ ఉండాలి.

సమస్య: క్లియరెన్స్ ఇచ్చేశారు, ఇంజిన్ కదలట్లేదు

కారణం: క్లియరెన్స్‌కి గడువు ఉంటుంది. చాలాచోట్ల ఒక్క రోజే.

పరిష్కారం: పక్క దీవి చాటున లంగరు వేసి దాక్కోవద్దు. తిరిగెళ్లి చెప్పండి, మెకానిక్ ఇచ్చిన చీటీ చూపించండి.

సమస్య: పడవలో వచ్చి విమానంలో ఇంటికి వెళ్లాలనుకుంటే ఆపారు

కారణం: రికార్డులో మీరు ఇంకా ఆ పడవ క్రూయే.

పరిష్కారం: స్కిప్పర్ నుంచి సైన్ ఆఫ్ ఉత్తరం, అంటే ఆ పడవలో మీ పని ముగిసిందనే ఉత్తరం, తీసుకుని, ఇమిగ్రేషన్‌లో క్రూ లిస్ట్ నుంచి పేరు తీయించాకే టికెట్ కొనండి.

సమస్య: అన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా అధికారి పెన్ను ఆగింది

కారణం: పడవకి రబ్బరు స్టాంపు లేదు. నవ్వకండి. ఈ సముద్రాల్లో ఉత్త సంతకం కంటే ముద్ర ఉన్న సంతకానికే గౌరవం.

పరిష్కారం: చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర సందుల్లో స్టాంపులు చేసేవాళ్లు ఉన్నారు. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, రిజిస్టరైన రేవు, మధ్యలో చిన్న లంగరు బొమ్మ. రెండు చేయించండి. ఒకటి ఎలాగూ సముద్రంలో పడుతుంది. ఊదా రంగు ప్యాడ్ కూడా కొనండి, నల్ల ముద్రని జిరాక్స్ అనుకుంటారు.